తేనెటీగ

షెఫీల్డ్‌లో నవంబరు. నాలుగింటికే చీకటి.
పాత కత్తుల కార్ఖానా మేడ మీద నా బల్ల.
కింద ట్రామ్ మలుపు తిరిగినప్పుడల్లా
స్కోప్ తెర మీద ఓ చిన్న ఉలికిపాటు.

చేస్తున్నది మాట్లాడే థర్మామీటర్.
అరచేతిలో ఇమిడే డబ్బా, మూడున్నర వోల్టుల బ్యాటరీ,
బొత్తాము కన్నా కాస్త పెద్ద స్పీకర్.
మొదటి నమూనా క్లిఫర్డ్ స్టానిఫోర్త్ చేతిలో పెట్టాను.
పియానోలు శ్రుతి చేసే మనిషి, పుట్టుకతో చూపు లేదు.
చెవికి ఆనించుకుని అన్నాడు:
"దీన్లో తేనెటీగ దూరిందమ్మా."

తేనెటీగ కాదు, ఆయన జేబులోని ఫోను.
సెకనుకి రెండువందల పదిహేడు సార్లు టవర్ని పలకరిస్తుంది.
ఆ పలకరింపు నా ఒంటి తీగ మీద వాలి
జ్వరమెంతో చెప్పే గొంతులో జుమ్మంది.

తప్పు నాదే.
ఒక తీగలో మాట, రెండో కాలు నేలకి.
నేలంటే సున్నా అని బడిలో నేర్పారు.
నేల ఎప్పుడూ సున్నా కాదు,
దాని మీద నడిచిన ప్రతి కరెంటూ
తడికాళ్ళ గుర్తులు వదిలే పోతుంది.

ఆ రాత్రి పాత బొమ్మ కొట్టేసి
కావడి కట్టాను.
ఒకే మాట రెండు తీగల్లో,
ఒకటి లేస్తే ఒకటి వాలుతూ,
రెండిటి నడిమట్టం బ్యాటరీలో సగం దగ్గర
బద్ద భుజం మీద నిలిచినట్టు.
స్పీకర్‌కిక నేలతో పని లేదు,
ఒక కొస తోస్తుంది, ఒక కొస లాగుతుంది.
వానంటూ పడితే రెండు కుండల్లోనూ పడుతుంది,
మొగ్గు మారదు.

తీరా చూస్తే తేనెటీగ చావలేదు.
దూరం జరిగింది, అంతే. పక్కింట్లో ఉన్నట్టు.

రెండు రోజులు చిప్పుని తిట్టాను,
బోర్డు గీసినవాళ్ళని తిట్టాను, అంటే నన్నే.
మూడో రోజు మీటరు పెడితే తెలిసింది:
నాలుగు రెసిస్టర్లలో ఒకటి అయిదు శాతం సొరుగులోది.
బంగారు పట్టీ పెట్టుకుని
పెళ్ళికొచ్చిన పిలవని చుట్టంలా కూర్చుంది.
కావడికి ఓ పక్క తాడు వేలెడు పొట్టి.

కందిపప్పులో రాళ్ళేరినట్టు
రెండువందల రెసిస్టర్లు పోసుకుని కొలిచాను.
పదివేల ఆరు. పదివేల పంతొమ్మిది.
తొమ్మిదివేల తొమ్మిదివందల ఎనభై.
టీ చల్లారింది. మళ్ళీ పదివేల పంతొమ్మిది!
విలువ సరిగ్గా ఉండక్కర్లేదు,
తప్పంటూ ఉంటే ఇద్దరిలోనూ ఒకే తప్పు ఉండాలి.
అలా అని నోటుబుక్కులో రాసుకుని
ఎందుకో చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

శనివారం వాక్లీ ఎత్తెక్కి ఆయనింటికి వెళ్ళాను.
ఫోను డబ్బాకి ఆనించి పట్టుకున్నాడు.
"ముప్పై ఆరు పాయింట్ ఎనిమిది," అంది డబ్బా.
ఇంకోసారి నొక్కాడు. ఇంకోసారి.
"ఎక్కడికి తోలేశావు దాన్ని?"
"ఎక్కడికీ లేదు. ఇక్కడే ఉంది,
రెండు తీగల మీదా సమానంగా.
నేను తేడా ఒక్కటే వింటాను."

ఆయన లేచి పియానో దగ్గరికి నడిచాడు.
ఒక మెట్టుకి మూడు తీగలు. ఒకదాన్ని ఉన్నిముక్కతో నొక్కి,
మిగిలిన రెంటినీ మోగించి, మర తిప్పాడు.
రెండు స్వరాల మధ్య ఊగే ఓ అల,
తిప్పుతుంటే నిదానించి, ఇంకా నిదానించి,
ఎప్పుడాగిందో తెలియకుండా ఆగింది.
"నేనూ నలభై ఏళ్ళుగా తేడానే వింటున్నా," అన్నాడు,
"చంపడానికి."

నా దగ్గర జవాబు లేదు.
అప్పుడే ఆయన జేబులో ఫోను మోగింది, నిజంగానే.
ఇద్దరం ఒక్కసారే డబ్బా వైపు తిరిగాం.
అది కిమ్మనలేదు.
తీగలు మాత్రం లోపలెక్కడో
ఇంకా సన్నగా, ఒక్కటిగా.